మీకు తెలుసా? ఎర్ర లేబుల్ ఒకటే, లోపలి డిస్కులు రెండు రకాలు

ఇంటి ఫైల్ సర్వర్ల కోసమే అమ్మిన వెస్ట్రన్ డిజిటల్ 'రెడ్' హార్డ్ డిస్కుల్లో, 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని మోడళ్లు రెయిడ్‌ను (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతిని) ఇబ్బంది పెట్టే ఎస్ఎంఆర్ రకానివని 2020 ఏప్రిల్‌లో బయటపడింది. ఈ రకంలో డేటా వరసలు ఇంటి పెంకుల్లా ఒకదానిపై ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఒక వరసను మార్చాలంటే పక్క వరసలనూ తిరిగి రాయాలి. రెయిడ్‌లో పాడైన డిస్కు తీసి కొత్తది పెడితే గంటల తరబడి రాత ఆగదు. అప్పుడు జవాబు ఆలస్యమైతే, డిస్కు చెడిపోయిందనుకుని రెయిడ్ కంట్రోలర్ దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

ఫొటోలు దాచుకోవడానికి ఏదైతేనేం అంటారా? విడి బ్యాకప్‌కు ఎస్ఎంఆర్ చాలు, రెయిడ్‌కు చాలదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే అనంతపురంలో కొత్త డిస్కును నింపే పని ఎంత సాగితే మిగతా డిస్కులపై అంత భారం. మధ్యలో కరెంటు పోయే ముప్పూ పెరుగుతుంది. యూపీఎస్ కరెంటు సంగతి చూసుకుంటుంది కానీ, డిస్కు రకాన్ని మార్చలేదు. 4 టీబీలో 'డబ్ల్యూడీ40ఈఎఫ్ఆర్ఎక్స్' సీఎంఆర్ (వరసలు ఒకదానిపై ఒకటి ఎక్కని రకం), 'డబ్ల్యూడీ40ఈఎఫ్ఏఎక్స్' ఎస్ఎంఆర్: తేడా ఒక్క అక్షరమే. డబ్బు కట్టే ముందు మోడల్ నంబరు చదవండి.