శిథిలమని తీర్మానించే ముందు

నగరం నడిబొడ్డున వందేళ్ళనాటి భవనం ఒకటి వున్నదంటే దానిని గూర్చి రెండు మాటలు వినబడుతుంటాయి. కూల్చివేయవలెనని ఒకరు, తాకనే రాదని మరొకరు. ఈ ఉభయులలోనూ లోపలికి వెళ్ళి గోడను తట్టి చూచినవారు అరుదు.

కట్టడాన్ని పరీక్షించేవారు మొదట నీటి జాడ వెదకుతారు. పాత భవనాలకు వయస్సుకన్న నీరే పెద్ద శత్రువు. మిద్దెపై తూము పూడుకొనిపోవడం, గోడ సందున రావిమొక్క వేరు దన్నడం, నేలలోని చెమ్మ పైకి ప్రాకడం, ఇవే చాలా అనర్థాలకు మూలం. దూలం మధ్యభాగం నిక్షేపంగా కనిపించినా, గోడలో దూరిన కొన పుచ్చిపోయి వుండవచ్చు. గోడ బీటవారినచో, అది ఎన్నడో కుదుటపడిన బీటా, నేటికీ కదులుతున్న బీటా అన్నది తేల్చుకోవాలి. అందుకు బీటకు అడ్డంగా సన్నని గాజుపలక అతికించి నెలల తరబడి కనిపెట్టి వుంటారు. గాజు పగిలితే పునాదిని శోధించవలసిందే.

ఇక సున్నం సంగతి. డంగు సున్నంలో కరక్కాయ, బెల్లపు నీరు కలిపి కట్టిన గోడలు చెమ్మను పీల్చి తిరిగి గాలికి విడుస్తాయి. వాటిపై సిమెంటు పూత పూస్తే తేమ లోపలే చిక్కి ఇటుకను తినివేస్తుంది. కాలం చేసిన అపకారంకన్న మరమ్మతు చేసిన అపకారమే ఎక్కువగా వుండటం కద్దు!

హైదరాబాదులోని మొజంజాహీ మార్కెట్టునే చూడండి. ఏడవ నిజాము రెండవ కుమారుని పేర 1935లో వెలసిన ఈ రాతి కట్టడం రేకుల పందిళ్ళు, తీగలు, ప్రకటన పలకల చాటున మరుగున పడిపోయింది. 2018లో ఆరంభమైన పునరుద్ధరణలో వాటిని తొలగించి, కారుతున్న కప్పును బాగుచేశారు. 2020 ఆగస్టులో మార్కెట్టు తిరిగి తెరచుకొన్నది. ఐస్ క్రీం దుకాణాలు వెనుకటివలెనే అక్కడ వున్నవి. నడుమనున్న ఆవరణలో సాంస్కృతిక సభలు కూడా జరిగాయి. దుకాణదారులను సాగనంపి ప్రదర్శనశాల చేసివుంటే రాళ్ళు మిగిలేవేమో గాని, మార్కెట్టు మిగిలేది కాదు. అందువల్ల గోడలతోపాటు అందులో బ్రతుకుతున్నవారిని కూడా లెక్కలోకి తీసుకొనవలసి వుంటుంది.

పాత పని పోయినచోట కొత్త పని వెదకాలి. కిర్క్‌పాట్రిక్ కట్టించిన కోఠీ రెసిడెన్సీలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. విశాలమైన గదులు, ఎత్తయిన కప్పులు తరగతులకు ఇట్టే ఒదిగాయి.

అన్ని పనులూ ఇలా ఒదగవు. విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఉస్మానియా ఆస్పత్రి పాత భవనంలోకి 2020 జూలైలో వాననీరు రాగా, రోగులను అక్కడినుండి తరలించారు. కూల్చడమా, నిలపడమా అన్న వివాదం హైకోర్టుకు ఎక్కింది. నా ఉద్దేశంలో ఇక్కడ రెండు ప్రశ్నలు కలగాపులగమైనవి. ప్రాణవాయువు గొట్టాలు, శస్త్రచికిత్సా మందిరాలు, లిఫ్టులు కోరే నేటి వైద్యానికి ఆ గదులు చాలకపోవచ్చు. అంతమాత్రాన గోడలు బలహీనమైనవని కాదు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగినందువల్ల మొదటి ప్రశ్నకు దారి దొరికింది. రెండవదానికి జవాబు మూసీ ఒడ్డున ఆ పాత గోడలలోనే వెదకవలసి వున్నది.