49, 74, 51: రక్షణ కంపెనీల యాజమాన్యంలో మన ప్రశ్న ఏది?

బాపట్ల దగ్గర సూర్యలంక వాయుసేన కేంద్రంలో 2020 చివర్లోనూ, 2023 డిసెంబరులోనూ ఆకాశ్ క్షిపణులను ప్రయోగించారు. వాటిని తయారు చేసేది హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ భారత్ డైనమిక్స్ (బీడీఎల్). రేపల్లె నుంచి పెనుమూడి వంతెన మీదుగా కృష్ణ దాటి వెళ్తే మచిలీపట్నంలో మరో ప్రభుత్వ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) ఫ్యాక్టరీ ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఐటీఐ, డిప్లొమా చదివే దళిత విద్యార్థులకు ఇవి నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే సంస్థలు.

రక్షణ రంగంలోకి విదేశీ కంపెనీలు వస్తే దేశానికి ప్రమాదమా అని ఈ విద్యార్థులు మమ్మల్ని అడుగుతుంటారు. జవాబు మూడు అంకెల్లో ఉంది.

మొదటి రెండు: 49, 74

2001లో రక్షణ ఉత్పత్తిని ప్రైవేటు రంగానికి తెరిచారు. అప్పుడు విదేశీ వాటా పరిమితి 26 శాతం. 2014లో దాన్ని 49కి పెంచారు. 2020 సెప్టెంబరు నుంచి, కొత్తగా పారిశ్రామిక లైసెన్సు కోరే కంపెనీల్లో 74 శాతం వరకు ముందస్తు అనుమతి లేకుండానే పెట్టుబడి పెట్టొచ్చు. ఆపైన 100 శాతం వరకు ప్రభుత్వం అనుమతించాలి. దేశ భద్రతకు భంగం అనిపిస్తే ఏ పెట్టుబడినైనా సమీక్షించే హక్కును ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుంది.

49 దగ్గర పగ్గాలు భారతీయ భాగస్వామి చేతిలో ఉంటాయి. హైదరాబాద్‌లో డ్రోన్లు తయారు చేసే అదానీ–ఎల్బిట్, క్షిపణి భాగాలు తయారు చేసే కల్యాణి–రఫేల్ సంస్థలు 51–49 వాటాలతో ఏర్పడినవే. 74 దగ్గర పగ్గాలు విదేశీ సంస్థకు వెళ్తాయి.

భయం ఉత్తదేమీ కాదు. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెడితే తేజస్ యుద్ధవిమానం పని వెనకబడింది. అయితే అక్కడ దెబ్బతీసింది వాటా కాదు, సాంకేతికత కోసం పరాయి దేశం మీద ఆధారపడటం. భాగస్వామికి 51 శాతం ఉన్నా డిజైన్, సాఫ్ట్‌వేర్, విడిభాగాలు బయటివాళ్ల చేతిలో ఉంటే ఆ ప్రమాదం అలాగే ఉంటుంది.

మూడోది: 51

కంపెనీల చట్టం ప్రకారం ప్రభుత్వ కంపెనీ అంటే కనీసం 51 శాతం వాటా ప్రభుత్వానిది కావాలి. అఖిల భారత స్థాయి నియామకాల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఇచ్చే బాధ్యత ఇలాంటి సంస్థల మీదే ఉంది. యజమాని టాటా అయినా, అదానీ అయినా, అమెరికా కంపెనీ అయినా ఆ బాధ్యత లేదు.

బీడీఎల్ 2018లో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. బెల్‌లో ప్రభుత్వ వాటా 51 శాతం గీత మీద నిలబడి ఉంది. బెంగళూరులోని బీఈఎంఎల్‌లో 26 శాతం వాటాను యాజమాన్య నియంత్రణతో సహా అమ్మడానికి 2021 జనవరిలో ఆసక్తి ఉన్నవారిని పిలిచారు. బాల్కో అమ్మకంపై కార్మికులు సుప్రీంకోర్టుకు వెళ్లి, 14, 16 అధికరణల రక్షణ పోతుందని వాదించారు. ఆ కారణంతో అమ్మకాన్ని ఆపలేమని 2001లో కోర్టు చెప్పింది.

దీనికి ఎదురు నడిచిన చరిత్ర కూడా మన పక్కనే ఉంది. మచిలీపట్నం ఫ్యాక్టరీ 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీగా పుట్టింది, 1983లో బెల్‌లో కలిసింది. కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలోనే ఉండాలని అంబేడ్కర్ 1947లోనే ‘రాజ్యాలు–మైనారిటీలు’ పత్రంలో రాశారు.

అడగాల్సింది

విదేశీ యజమాని వద్దని నినాదమిచ్చి, స్వదేశీ ప్రైవేటు యజమానికి చప్పట్లు కొడితే మనకు మిగిలేది ఏమీ లేదు. వాటా ఎవరిది, సాంకేతికత ఎవరి చేతిలో ఉంది, రోస్టర్ ఎక్కడుంది అనే మూడు ప్రశ్నలూ కలిపి అడగాలి. బీడీఎల్, బెల్ సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. రోస్టర్ రిజిస్టర్లు, భర్తీకాని బ్యాక్‌లాగ్ పోస్టులు, కాంట్రాక్టు కార్మికుల సంఖ్య అడుగుతూ పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు. ప్రైవేటు ఉమ్మడి సంస్థను అలా అడిగే దారి లేదు. దారి ఉన్నచోట ఇప్పుడే అడుగుదాం.