ముందు ఆకు చదవాలి

మిరప ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా కనిపిస్తే అది తామర పురుగు పని. అంచులు కిందికి తిరిగి, బోర్లించిన పడవలా ఉండి, కాడ సాగినట్టు కనిపిస్తే తెల్లనల్లి. మొదటిదాన్ని రైతులు పై ముడత అంటారు, రెండోదాన్ని కింది ముడత అంటారు. ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, మొక్క గిడసబారిపోతే బొబ్బర తెగులు. అది వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. పురుగుకు కొట్టే మందులు చాలావరకు నల్లికి పనిచేయవు. బొబ్బరకైతే అసలు మందే లేదు. దోమను అదుపు చేయాలి, సోకిన మొక్కను పీకేయాలి. ఖమ్మం, గుంటూరు చేలల్లో పెరిగినవాళ్లకు ఇదంతా చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. ఫోన్ కెమెరాకు మాత్రం ఈ మూడూ ముడుచుకున్న ఆకులే, ఎవరో ఒకరు దానికి విడమరచి చెప్పేదాకా.

అలా విడమరచి చెప్పే మనుషులను తయారు చేయడం గురించే ఈ కథనం. వ్యవసాయ డిగ్రీ పాఠ్యప్రణాళికలోకి కృత్రిమ మేధ (ఏఐ) వచ్చేసింది. హైదరాబాద్ చుట్టూ చూస్తే ఈ పనికి కావలసినవన్నీ ఉన్నాయి. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, వ్యవసాయ పరిశోధకులకు శిక్షణనిచ్చే నార్మ్, విస్తరణ అధికారులకు శిక్షణనిచ్చే మేనేజ్ ఉన్నాయి. అటు గుంటూరు పక్కన లాంలో ఆచార్య ఎన్జీ రంగా విశ్వవిద్యాలయం ఉంది. కొరత సంస్థలకు లేదు. ఏం నేర్పాలి, ఎక్కడ నిలబడి నేర్పాలి అన్నదే తేలాలి.

తొంభై తొమ్మిది నుంచి ముప్పై ఒకటికి

ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థికీ మొదటి రోజునే చెప్పాల్సిన ఉదంతం ఒకటుంది. 2016లో అమెరికా, స్విట్జర్లాండ్ పరిశోధకులు 14 పంటలకు, 26 తెగుళ్లకు సంబంధించిన 54,306 ఆకుల ఫొటోలతో ఒక కంప్యూటర్ నమూనాకు శిక్షణ ఇచ్చారు. పరీక్షిస్తే 99.35 శాతం సరైన జవాబులు వచ్చాయి. ప్రపంచమంతా ఆ అంకెను చెప్పుకుంది. కానీ అదే పత్రంలో ఆ పరిశోధకులే మరో మాట కూడా రాశారు. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపిస్తే సరైన జవాబులు సుమారు 31 శాతానికి పడిపోయాయి.

కారణం కష్టమైనదేమీ కాదు. ఆ ఆకులను కోసి, సాదా నేపథ్యం మీద పరిచి, ఒక్కో ఆకునూ విడిగా ఫొటో తీశారు. చేలో ఆకు అలా ఉండదు. దాని మీద మట్టి ఉంటుంది, మందు మరకలుంటాయి, పక్క ఆకు నీడ పడుతుంది, వెనక కలుపు మొక్క ఉంటుంది, గాలికి ఊగుతుంది. ఒకే ఆకు మీద పురుగూ, నల్లీ, జింకు లోపమూ కలిసి ఉన్నా ఉండొచ్చు. పైగా నేర్పడానికి వాడిన ఫొటోలూ, పరీక్షకు పెట్టిన ఫొటోలూ ఒకే గుట్టలోవి అయితే వచ్చే మార్కులు నమ్మదగ్గవి కావు. ఒక ఊరి చేలల్లో తీసిన వాటితో నేర్పించి, మరో ఊరి చేలల్లో తీసిన వాటితో పరీక్షించాలి. ఈ ఒక్క అలవాటు వంటబడితే చాలు, అంకెలు చూసి మోసపోయే ప్రమాదం సగానికి సగం తగ్గుతుందని నా నమ్మకం.

మన దగ్గరే ఇంతకంటే పెద్ద పాఠం ఉంది. 2021లో మిరప పూతను నల్ల తామర పురుగు ముంచెత్తింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. మిరప మీదికి వచ్చాక గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ చేలల్లో పూత రాలి, కాపు నిలవక, రైతులు తోటలనే పీకేశారు. మనకు అలవాటైన తామర పురుగు ఎక్కువగా ఆకుల్లో ఉంటుంది. ఇది పువ్వులో దాక్కుంటుంది. తెల్ల కాగితం మీద పువ్వును తట్టి చూస్తే సన్నటి నల్లటి పురుగులు రాలి పరుగెడతాయి. అంతకు ముందు తీసిన ఆకుల ఫొటోలతో నేర్చుకున్న ఏ యాప్‌కైనా ఈ పురుగు ఎలా తెలుస్తుంది? తెలియదు. తెలియదని చెప్పడం కూడా రాదు, తనకు తెలిసిన తెగుళ్లలోంచి దగ్గరగా ఉన్న పేరు ఒకటి చెప్పేస్తుంది. అది నమ్మి మందు మీద మందు కొడితే మిత్రపురుగులు చచ్చి, నల్ల తామర ఇంకా చెలరేగుతుంది. ఆ ఏడాది రైతును కాపాడగలిగింది పువ్వు తట్టి చూడాలన్న ఆలోచన వచ్చిన మనిషే. శిక్షణ అంటే ఆ ఆలోచనను కలిగించడం.

దేవనకొండ మెసేజ్

2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో జరిగిన ప్రయత్నం ఈ విషయంలో నాకు బాగా నచ్చుతుంది. ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఫోన్‌లో తెలుగు మెసేజ్‌లు పంపాయి. అక్కడ జూన్ మొదట్లోనే విత్తనం వేయడం ఆనవాయితీ. ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలు, నేలలో తేమ అంచనాలు చూసిన కంప్యూటర్ జూన్ చివరి వారం దాకా ఆగమంది. ఆగిన రైతులకు దిగుబడి సుమారు 30 శాతం ఎక్కువ వచ్చిందని నిర్వాహకులు ప్రకటించారు. రైతుకు స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు, ఒక్క మెసేజ్ చాలు. మరి ఆ ఒక్క మెసేజ్ వెనక వాన లెక్కలు తెలిసినవాళ్లు, నేల తెలిసినవాళ్లు, ఆ ఊరి అలవాటు తెలిసినవాళ్లు కలిసి కూర్చోవాల్సి వచ్చింది. కంప్యూటర్ నిపుణుడు ఒక్కడే చేయగలిగే పని కాదది.

ఖమ్మం జిల్లాలో సాగు బాగు పేరుతో 7,000 మంది మిరప రైతులతో నడిచిన ప్రాజెక్టులోనూ ఇదే కనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక చేపట్టిన ఆ ప్రయోగాన్ని డిజిటల్ గ్రీన్ క్షేత్రంలో నడిపించింది. నేల పరీక్ష, ఫోన్‌లో సలహా, కాయ నాణ్యతను యంత్రంతో తేల్చడం అన్నీ అందులో భాగం. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం, ఎరువుల వాడకం 5 శాతం తగ్గాయని, ధర 8 శాతం మెరుగైందని నిర్వాహకులు వెల్లడించారు. మంచి ఫలితాలే. అయితే ఏడు వేల మంది దగ్గర సాధ్యమైనది లక్షల మంది దగ్గర సాధ్యం కావాలంటే ఊరూరా ఆ సలహాను సరిచూడగల మనిషి ఉండాలి.

ఆ మనిషి ఇప్పటికే ఉన్నాడు. తెలంగాణలో దాదాపు ఐదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పది వేలకు పైగా రైతు సేవా కేంద్రాలకు గ్రామ వ్యవసాయ సహాయకులున్నారు. వీళ్లలో చాలామంది డిగ్రీ, డిప్లొమా చదివిన పాతికేళ్ల, ముప్పై ఏళ్ల యువతీ యువకులు. పంట నమోదులు, పథకాల దరఖాస్తులు, ఫోన్లో అప్‌లోడ్లతోనే వీళ్ల రోజు గడిచిపోతోంది. మన దగ్గర ఏఐ శిక్షణ మొదట అందాల్సింది వీళ్లకే, అదీ ఏసీ హాల్లో ఒక పూట ఉపన్యాసంగా కాకుండా. పంట కాలమంతా, పదిహేను రోజులకోసారి, చేలోనే జరగాలి. యాప్ చెప్పిన జవాబు ఒక నోట్‌బుక్‌లో, తాను చూసి చెప్పిన జవాబు దాని పక్కన రాసుకోవాలి. రెండింటికీ ఎక్కడ తేడా వచ్చిందో నెలకోసారి శాస్త్రవేత్త ముందు పెట్టాలి. ఆ తేడాల చిట్టాయే రేపు యంత్రానికి అసలైన పాఠ్యపుస్తకం.

భాష సంగతి చూడండి. వరికి సుడిదోమ తగిలితే చాలా ఊళ్లలో దోమపోటు అంటారు. తెలుగు అరకొరగా నేర్చిన చాట్‌బాట్‌కు దోమ అంటే మలేరియా గుర్తొస్తే ఎవరిది తప్పు? 'వరి పొట్ట మీదుంది, ఇప్పుడు యూరియా వేయొచ్చా' అని రైతు అడిగితే అది కడుపు గురించి కాదని, కంకి బయటపడే ముందు దశ అని తెలియాలి. అగ్గితెగులుకూ నిప్పుకూ సంబంధం లేదని, వేరుశనగలో ఊడలు దిగాయంటే ఏమిటో తెలియాలి. ఈ మాటలు ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గరా లేవు, రైతుల నోళ్లలో ఉన్నాయి. వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులు రావె (గ్రామీణ వ్యవసాయ పని అనుభవం) కార్యక్రమం కింద ఎటూ నెలల తరబడి పల్లెల్లో గడుపుతారు. ఆ నెలల్లో ఒక్కొక్కరు తామున్న మండలంలో పంటకు, పురుగుకు, తెగులుకు, నేలకు ఉన్న మాటలు సేకరించి, ఫొటోలతో జతచేసి విశ్వవిద్యాలయానికి ఇస్తే, నాలుగైదేళ్లలో మరే భాషకూ లేనంత నిధి మన చేతిలో ఉంటుంది. దీనికి అదనంగా కోట్లు అక్కర్లేదు. ఆ పనికి మార్కులు వేస్తే చాలు.

అడవిలో కన్ను

అడవి కథ కొంచెం వేరు. అక్కడ ఫొటోలకు కొదవ లేదు, చూసే కళ్లే చాలవు. 2018 పులుల గణనలో దేశమంతా 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3.48 కోట్ల ఫొటోలు వచ్చాయి. అందులో పులులున్నవి 76,651 మాత్రమే. అన్నిటినీ మనుషులు చూడాలంటే ఏళ్లు పడుతుంది. ఏ జంతువు ఫొటో ఏదో సాఫ్ట్‌వేర్ వేరు చేసింది. పులి చారలను వేలిముద్రల్లా పోల్చి, ఏ పులి ఏదో తేల్చడానికీ సాఫ్ట్‌వేరే సాయపడింది.

కానీ కెమెరా ఏ చెట్టుకు కట్టాలో చెప్పేది బీట్ అధికారి, ఆయన వెంట నడిచే వాచర్. నల్లమలలో ఆ వాచర్లలో చాలామంది చెంచులు. అడుగుజాడ చూసి ఎటు వెళ్లిందో, ఎంతసేపటి కిందట వెళ్లిందో చెప్పగలవాళ్లు. వేసవిలో ఉపగ్రహం నుంచి అడవిలో మంట అని సమాచారం వస్తుంది. ఆ ఉపగ్రహం కంటికి ఒక్కో చుక్క 375 మీటర్ల ముక్క. అందులో కాలుతున్నది అడవో, అంచున పోడు పొలంలో తగలబెట్టిన చెత్తో నడిచి వెళ్లి చూసినవాళ్లే చెప్పాలి. దూలపల్లి, రాజమహేంద్రవరం అటవీ అకాడమీల్లో, ములుగు అటవీ కళాశాలలో ఏఐ నేర్పేటప్పుడు ఆ వాచర్లను కూడా తరగతి గదిలోకి పిలవాలి, నేర్చుకోవడానికే కాదు, నేర్పడానికి కూడా. వాళ్లకు గౌరవ వేతనం ఇవ్వాలి. వాళ్ల తెలివి తీసుకుని, పేరు మాత్రం సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వడం అన్యాయం.

ఈ చదువు వల్ల ఉద్యోగాలు వస్తాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. వస్తాయి. డ్రోన్ నడపడం, పంటల బీమాకు ఉపగ్రహ చిత్రాలు చదవడం, విత్తన కంపెనీల్లో సమాచార విశ్లేషణ వంటివి ఇప్పటికే ఉన్నాయి. కానీ కోడింగ్ ఒక్కటే వచ్చినవాడికీ, కోడింగ్‌తో పాటు పై ముడతకూ కింది ముడతకూ తేడా తెలిసినవాడికీ మధ్య రైతు ఎవరిని నమ్ముతాడో చెప్పనక్కర్లేదు.

వచ్చే సీజన్‌లో మీ ఊరికి వ్యవసాయ కళాశాల విద్యార్థులు వస్తారు. వాళ్లను పంచాయతీ ఆఫీసు దగ్గరే నిలబెట్టకండి. చేలోకి తీసుకెళ్లండి. పురుగును మీరు ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే చెప్పండి, ఆకు రెండు వైపులా ఫొటో తీయించండి, ఏ మందు ఎప్పుడు కొట్టారో దాచకుండా రాయించండి.