ఒకే మీటరు, నాలుగు పోర్షన్లు

అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకి ఈ తగాదా కొత్త కాదు. నాలుగు పోర్షన్లు, వీధి గోడకి ఒకే కరెంటు మీటరు. నెలాఖరుకి బిల్లు వస్తుంది. ఎవరి వాటా ఎంత? సబ్ మీటర్లు లేవు కాబట్టి ఇంటాయన నోటిలెక్క కడతాడు. మేడ మీద వాళ్లకి ఏసీ ఉంది, వెనక పోర్షన్లో రెండు ఫ్యాన్లూ ఒక ఫ్రిజ్జూ, ముందు వాళ్లు పగలంతా ఇంట్లోనే ఉండరు. ఎవరూ ఏదీ కొలవలేదు. అయినా లెక్క తేలుతుంది, డబ్బులు చేతులు మారతాయి.

మీ జేబులో ఉన్న ఫోను సెకనుకి కొన్నిసార్లు ఇదే పంచాయితీ చేస్తుంది. బ్యాటరీ నుంచి మొత్తం ఎంత కరెంటు పోతోందో దానికి తెలుసు. చిప్పులో అక్కడక్కడా ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్లూ ఉన్నాయి. కానీ ప్రాసెసర్‌లోని ఏ కోర్ ఎంత తింటోంది, గ్రాఫిక్స్ భాగం ఎంత తింటోంది అని విడివిడిగా చెప్పే మీటర్లు చాలా ఫోన్లలో ఉండవు. అక్కడ ఇంటాయన పాత్ర కెర్నెల్‌ది. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి అడుగునా ఉండే లినక్స్ కెర్నెల్ ప్రతి భాగానికీ ఒక అంచనా వేసి, వేడి ఎక్కువైతే ఎవరి వాటా ఎంత కోయాలో తేలుస్తుంది. ఆ అంచనా కట్టే కోడ్‌లోకి ఎవరైనా కొత్త మార్పు తెస్తే, అది లోపలికి వెళ్లేముందు ఇంకొకరు కూర్చుని వరుస వరుసా చదవాలి. రివ్యూ అంటారే, అది. ఈ వ్యాసం ఆ చదివేవాళ్ల కన్ను ఎక్కడెక్కడ ఆగుతుందో చెప్పడానికి.

ఈ లెక్కల అవసరం ఒకప్పుడు లేదు. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యే కొద్దీ వాటికి కావలసిన వోల్టేజీ తగ్గుతూ వస్తుంది, కాబట్టి అంతే జాగాలో ఎన్ని ఎక్కువ ఇరికించినా వేడి పెరగదని ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు 1974లో చూపించారు. ముప్ఫై ఏళ్లు ఆ సూత్రం పరిశ్రమని మోసింది. వోల్టేజీ ఇక తగ్గనని మొరాయించేసరికి వేడి గోడలా అడ్డం నిలబడింది. 2004లో ఇంటెల్ తన తర్వాతి పెంటియమ్‌ని సగంలో వదిలేసింది, 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 కూడా రాదని చెప్పేసింది. అప్పటినుంచి చిప్పు ఎంత వేగంగా పోగలదన్నది ఒక ప్రశ్న, ఎంతసేపు పోనివ్వాలన్నది ఇంకో ప్రశ్న. రెండోది సాఫ్ట్‌వేర్ నెత్తిన పడింది.

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. కోర్ పని చేస్తున్నప్పుడు తినే విద్యుత్తు మూడు అంకెల గుణకారం: చిప్పుకి సంబంధించిన ఒక స్థిరాంకం, ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ వర్గం. వోల్టేజీ రెండుసార్లు గుణించుకుంటుంది కాబట్టే వేగం కాస్త తగ్గిస్తే వేడి బాగా తగ్గుతుంది. వేగంతోపాటు వోల్టేజీని కూడా దించవచ్చు కదా. ఇంటర్మీడియెట్ ఫిజిక్సే. దాన్ని కెర్నెల్‌లో రాయడంలోనే ఉంది కష్టమంతా.

స్థిరాంకం 300, వేగం 2000 మెగాహెర్ట్జ్, వోల్టేజీ 1000 మిల్లీవోల్ట్‌లు అనుకోండి. స్థిరాంకాన్ని వేగంతో, ఆపైన వోల్టేజీతో రెండుసార్లు గుణించి, మొత్తాన్ని 100 కోట్లతో భాగిస్తే జవాబు మిల్లీవాట్లలో వస్తుంది. గుణిస్తే 60,000 కోట్లు. భాగిస్తే 600 మిల్లీవాట్లు. చక్కగా ఉంది. కానీ 32 బిట్ల గడిలో పట్టే అతి పెద్ద అంకె 429 కోట్ల చిల్లర. 60,000 కోట్లని అందులో పోస్తే పొంగి పొర్లిపోయి, అడుగున 299,95,45,856 మాత్రం మిగులుతుంది. దాన్ని 100 కోట్లతో భాగిస్తే, దశాంశాలు రాలిపోగా, 2. అరవాటు పైన తినే కోర్ రెండే రెండు మిల్లీవాట్లు తింటున్నట్టు కాగితం మీద కనపడుతుంది. మేడ మీద ఏసీ వాళ్లకి జీరో బల్బు బిల్లు రాసినట్టు.

మందు చిన్నదే: గుణకారం మొదలుపెట్టే ముందే మొదటి అంకెని 64 బిట్ల గడిలోకి మార్చాలి. ఆ మార్పు ఎక్కడ రాశారన్నది రివ్యూ చేసేవాళ్లు రెండుసార్లు చూస్తారు. మొదటి అంకె పక్కన రాస్తే సరే. గుణకారం మొత్తాన్ని బ్రాకెట్లో పెట్టి, దాని బయట రాస్తే ప్రయోజనం సున్నా. పొర్లిపోయాక బిందె మార్చి ఏం లాభం? తమాషా ఏమిటంటే, రెండు రకాలుగా రాసినా, కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ నోరెత్తకపోవచ్చు.

సున్నా సంగతి కూడా ఉంది. కోర్‌కి ఇన్ని మిల్లీవాట్లు కేటాయించాం, మరి అది ఏ వేగంతో నడవాలి అని వెనక్కి లెక్క కట్టేటప్పుడు, కోర్ ఎంత శాతం బిజీగా ఉందో ఆ అంకెతో భాగించాలి. సగం సమయం ఖాళీగా ఉండే కోర్‌ని అదే వాటాలో ఇంకాస్త వేగంగా నడపొచ్చన్నది తర్కం. మరి కోర్ పూర్తిగా ఖాళీగా ఉంటే? శాతం సున్నా. మామూలు ప్రోగ్రాం సున్నాతో భాగించి పడిపోతే ఆ ప్రోగ్రాం ఒక్కటే పోతుంది. కెర్నెల్ ఆ పని చేస్తే మొత్తం ఫోనే పడిపోవచ్చు. అందుకే అసలు కోడ్‌లో ఆ చోట రెండు గుర్తులతో ఒక చిన్న షరతు ఉంటుంది: బిజీ శాతం సున్నా అయితే ఒకటి అనుకో. అబద్ధమే, కానీ అవసరమైన అబద్ధం. ఎవరైనా ‘కోడ్ శుభ్రం చేశాను’ అంటూ అలాంటి షరతుని తీసేస్తే పట్టుకోవడం రివ్యూలో సగం పని.

ఉష్ణోగ్రతని కెర్నెల్ డిగ్రీలో వెయ్యో వంతుల్లో రాసుకుంటుంది. 45 డిగ్రీలంటే 45,000. మైనస్ గుర్తు లేని అంకెలకే పనికొచ్చే గడిలో దీన్ని రాసుకుంటే రామగుండంలోనో రెంటచింతలలోనో ఏ ఇబ్బందీ రాదు. లేహ్‌లో చలికాలం రాత్రి మైనస్ 5 డిగ్రీలైతే మాత్రం, 32 బిట్ల గడిలో అది దాదాపు 43 లక్షల డిగ్రీలుగా మారుతుంది. ప్రమాదస్థాయి దాటితే తనని తాను ఆపేసుకోవడం కెర్నెల్ కర్తవ్యం. చలికి బిగుసుకుపోయిన ఫోను, కాలిపోతున్నానని ఆగిపోతుందన్నమాట. ఈ వేడి నియంత్రణ కోడ్‌లో ఉష్ణోగ్రతకి ఒక్కోచోట ఒక్కో రకం గడి వాడుతూ వచ్చారు. 2015లోగాని అన్నిచోట్లా మైనస్ పట్టే గడినే వాడాలని సరిచేయలేదు.

ఇక పంపకం. పాత పద్ధతి ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది: వేడెక్కితే ఒక మెట్టు దించు, చల్లబడితే ఒక మెట్టు ఎక్కించు. 2015 ఆగస్టులో వచ్చిన 4.2 కెర్నెల్‌లో ఆర్మ్ సంస్థ ఇంజనీర్లు రాసిన పవర్ అలొకేటర్ చేరింది. ఇది బడ్జెట్ పద్ధతి. ఇప్పుడున్న వేడికీ, దాటకూడని వేడికీ తేడా చూసి మొత్తం ఎంత ఖర్చు పెట్టవచ్చో తేలుస్తుంది. ఆ మొత్తం 2500 మిల్లీవాట్లనుకోండి. ప్రాసెసర్ 2000, గ్రాఫిక్స్ 3000 అడుగుతున్నాయి. అడిగిన నిష్పత్తిలోనే ఇస్తుంది: దానికి 1000, దీనికి 1500. ఎవరికైనా వాళ్లు వాడుకోగలిగినదానికంటే ఎక్కువ వస్తే మిగులు తీసి పక్కవాళ్లకి సర్దుతుంది.

బడ్జెట్ తేల్చే సూత్రానికి జ్ఞాపకశక్తి ఉంటుంది. ఈ క్షణం తేడాతోపాటు, ఇప్పటిదాకా పోగైన తేడాని కూడా చూస్తుంది. ఇది మంచిదే, కానీ ప్రమాదమూ ఇక్కడే. రాత్రంతా ఫోను టేబుల్ మీద చల్లగా పడుందనుకోండి. ప్రతి క్షణం ‘ఇంకా ఖర్చు పెట్టొచ్చు’ అని ఖాతాలో జమ అవుతూ పోతే, పొద్దున్న గేమ్ తెరిచేసరికి కొండంత నిల్వ ఉంటుంది. ఒకపక్క ఫోను మాడుతున్నా సూత్రం ఆ నిల్వ తీసి ఖర్చు పెడుతూనే ఉంటుంది. అందుకే ఒక స్థాయి కన్నా చల్లగా ఉన్నంతసేపూ ఆ ఖాతాని సున్నా చేసేయాలి, పోగయ్యేదానికి పైన గీత గీయాలి. ఈ భాగంలో ఏ మార్పు వచ్చినా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: పాత జమ ఎక్కడ చెరుగుతోంది?

అన్నట్టు, కెర్నెల్‌లో దశాంశాల లెక్కలు మామూలుగా చేయరు. రూపాయల్లో దశాంశాలు వద్దనుకుని పైసల్లో లెక్క రాసుకున్నట్టు, అన్నిటినీ హెచ్చవేసి పూర్ణాంకాల్లోనే నడుపుతారు. ఇక్కడి రూపాయికి 1024 పైసలు.

పైసలు చిన్నవి కాకపోతే ఏమవుతుందో ఎనర్జీ మోడల్ నేర్పింది. ఏ వేగానికి ఎంత ఖర్చో చెప్పే ఈ అంచనాల పట్టిక 2019 మార్చిలో 5.0 కెర్నెల్‌తో వచ్చింది. మొదట అంకెలు మిల్లీవాట్లలో ఉండేవి. 500 మెగాహెర్ట్జ్ దగ్గర 20.0, 520 దగ్గర 20.9 అయితే రెండూ 20గానే నమోదవుతాయి. అదే ఖర్చుకి ఎక్కువ పని జరుగుతోందంటే 500 దండగమారి వేగం అన్న తీర్పు వచ్చేస్తుంది. నిజానికి పొదుపైనది అదే. 2022లో పట్టికని మైక్రోవాట్లకి మార్చారు.

ఆ పట్టికలో ఉన్నవి వాట్లే అన్న హామీ కూడా లేదు. చిప్పు అసలు ఖర్చు బయటపెట్టడం ఇష్టంలేని తయారీదారులు ఊహా కొలతలో అంకెలు ఇవ్వొచ్చు, నిష్పత్తులు సరిగ్గా ఉంటే చాలు. ప్రాసెసర్ అంకెలు ఊహా కొలతలో, గ్రాఫిక్స్ అంకెలు అసలు వాట్లలో ఉంటే మాత్రం పంపకం కాస్తా అణాలనీ డాలర్లనీ కలిపి కూడినట్టవుతుంది. వ్యాపార రహస్యాల పేరుతో ఇచ్చిన ఈ వెసులుబాటు నాకు నచ్చదు. కానీ ఇవ్వకపోతే కొందరు అసలు పట్టికే ఇవ్వరేమో.

ఈ కథలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది లీకేజీ. ట్రాన్సిస్టర్ ఏ పనీ చేయకపోయినా కాస్త కరెంటు కారుతుంది, వేడెక్కే కొద్దీ ఆ కారడం పెరుగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. మొదట్లో దీన్ని విడిగా లెక్కించే వీలు కోడ్‌లో ఉండేది. కెర్నెల్ మూలప్రతిలో దాన్ని వాడేవాళ్లు ఎవరూ లేరని 2017 చివర్లో తీసేశారు. ఎవరూ వాడని కోడ్ ఉంచకూడదన్నది అక్కడి పాత నియమం. న్యాయమైన నియమమే. అయితే భౌతికశాస్త్రానికి ఆ నియమం వర్తించదు. గ్రాఫిక్స్ భాగం కాగితే పక్కనున్న ప్రాసెసర్‌లో లీకేజీ పెరుగుతుంది, స్థిరమైన పట్టిక తప్పు చెబుతుంది. 2024లో, 6.9 కెర్నెల్‌తో, ఫోను నడుస్తుండగానే పట్టికని తిరగరాసే వీలు కల్పించారు.

ఇదంతా చదివి ఒప్పుకున్నవాళ్లు మార్పు కింద ‘రివ్యూడ్ బై’ అని తమ పేరు పెడతారు. ఆ సంతకానికి అర్థం కూడా రాసిపెట్టి ఉంది: చూశాను, నాకు తెలిసిన లోపాలు లేవు, చేర్చదగినదే, కానీ పనిచేస్తుందని హామీ ఇవ్వను. సంబంధం కుదిర్చే పెద్దమనిషి మాట కూడా ఇలాగే ఉంటుంది.

అసలు సబ్ మీటర్లు బిగించేస్తే ఈ గొడవంతా ఉండదు కదా అనిపించవచ్చు. ఇంటెల్ 2011 నాటి ప్రాసెసర్లతోనే దాదాపు అలాంటివి తెచ్చింది. ప్రాసెసర్ ఎంత శక్తి తిన్నదో చెప్పే లెక్కని లినక్స్ ఒక ఫైల్లో పెట్టింది, కంప్యూటర్లో ఎవరైనా చదువుకునేలా. 2020 నవంబరులో ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు ఇతర పరిశోధకులతో కలిసి ఒక సంగతి బయటపెట్టారు: ఆ మీటరు ముల్లు కదలికని ఓపిగ్గా గమనిస్తే పక్క ప్రోగ్రాం వాడుతున్న రహస్య ఎన్‌క్రిప్షన్ తాళాలని కూడా రాబట్టవచ్చు. అదే నెలలో కెర్నెల్ వాళ్లు ఆ ఫైలుని అడ్మిన్ ఒక్కరే చదివేలా మార్చారు. మీటరు గోడకే ఉంది, డబ్బాకి తాళం పడింది.