మహమ్మారి వేళ పరదేశికి అభయం



హిజ్రీ 18వ సంవత్సరం ప్రాంతంలో రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) మదీనా నుండి సిరియాకు ప్రయాణమయ్యారు. హిజాజ్ సరిహద్దున ఉన్న సర్గ్ అనే చోటికి చేరేసరికి సేనాధిపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి), మరికొందరు అధికారులు ఎదురువచ్చి సిరియాలో ప్లేగు వ్యాపించిందని తెలిపారు. ఖలీఫా ముందుగా ముహాజిర్లను, తరువాత అన్సార్లను పిలిచి సలహా అడిగారు. వారిలో భేదాభిప్రాయాలు తలెత్తాయి. చివరికి ఖురైష్ పెద్దలు వెనుదిరగడమే మేలని ఏకకంఠంతో చెప్పారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, తాము ఆయన ఒక నిర్ణయం నుండి మరొక నిర్ణయం వైపునకు వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒక వైపు పచ్చిక, మరొక వైపు బీడు ఉన్న లోయలో ఒంటెలను మేపేవాడి ఉపమానం చెప్పి, ఎటు తోలుకుపోయినా అది దైవ నిర్ణయమే కదా అని వివరించారు. అంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ఈ విషయంలో మహాప్రవక్త (స) బోధ తనకు తెలుసునన్నారు. ఏదైనా ఊళ్ళో ప్లేగు ఉన్నదని వింటే అక్కడికి వెళ్ళకూడదు. మీరున్న ఊళ్ళోనే అది వస్తే దానికి భయపడి పారిపోకూడదు. ఇది ఆ బోధ సారాంశం.

కరోనా రోజుల్లో ఈ వృత్తాంతాన్ని మన మింబర్ల మీద ఎన్నోసార్లు విన్నాము. నేను కూడా వినిపించాను. అయితే అప్పుడు మేమంతా మొదటి సగం మీదనే ఎక్కువగా మాట్లాడామని ఇప్పుడనిపిస్తోంది. ప్రయాణాలు మానండి, గుమికూడకండి అని చెప్పాము. రెండవ సగం, అంటే పారిపోకూడదన్న ఆదేశం, అందరికీ ఒకే విధంగా సాధ్యమా అన్న ప్రశ్న నాకు ఆనాడు తట్టలేదు. ఒక తల్లి వచ్చి అడిగిన తరువాతనే తట్టింది.

2020 ఏప్రిల్‌లో, మస్జిదులు మూతబడి ఉన్న రోజుల్లో, మా వీధి ఆమె ఒకరు గుమ్మం దగ్గర దూరంగా నిలబడి తన కొడుకు సంగతి చెప్పింది. అతడు గల్ఫ్‌లో ఉన్నాడు. ఏజెంటు ‘ఆజాద్ వీసా’ అని చెప్పి పంపించాడు. అక్కడికి వెళ్ళాక కఫీల్ అకామా రెన్యూవల్ చేయించలేదు, పాస్‌పోర్టు తిరిగి ఇవ్వలేదు. మనవాళ్ళు ‘ఖల్లివెల్లి’ అని పిలిచే స్థితిలో, కాగితాలు లేకుండా, మరో ఎనిమిది మందితో ఒకే గదిలో ఉంటున్నాడు. ఇప్పుడు జ్వరం, దగ్గు. ఆస్పత్రికి వెళితే అకామా అడుగుతారు, పోలీసులకు పట్టిస్తారని భయం. గదిలో ఉంటే మిగిలిన ఎనిమిది మందికీ అంటుతుంది. “హజ్రత్, వాడు ఆస్పత్రికి పోకపోతే గునాహ్ అవుతుందా?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందుగా వ్యాధిని అరికట్టే పని ఎలా నడుస్తుందో తెలుసుకోవాలి. అంటువ్యాధి వచ్చినప్పుడు ఆరోగ్య సిబ్బంది మొదట రోగిని గుర్తించాలి. తరువాత అతడు గత కొద్ది రోజుల్లో ఎవరెవరిని కలిశాడో, ఎక్కడ పనిచేశాడో, ఎవరితో కలిసి భోంచేశాడో అడిగి, వారందరినీ పరీక్షించి వేరుచేయాలి. ఇదంతా రోగి నోటి మాట మీదనే ఆధారపడి ఉంది. కాగితాలు లేనివాడు అసలు పరీక్షకే రాడు. వస్తే దొంగ పేరు చెబుతాడు. తన గదిలోని వారి పేర్లు చెబితే వారూ పట్టుబడతారని ఆ గదిలో తానొక్కడినే ఉంటున్నానంటాడు. అతని స్థానంలో మనముంటే ఏమి చేసేవాళ్ళమో ఎవరికి వారు మనసులో ఆలోచించుకోవచ్చు. ఫలితంగా వ్యాధి ఎక్కడుందో ప్రభుత్వానికి తెలియకుండా పోతుంది. సరైన కాగితాలున్నవారు, ఆ దేశ పౌరులు కూడా అదే బస్సులో, అదే బజారులో తిరుగుతుంటారు. వ్యాధి ఎవరి అకామానూ అడగదు.

దీనికి మలేషియాలో జరిగినది ఒక ఉదాహరణ. అది ముస్లింలు అధికంగా ఉన్న దేశం కనుక మనం మరింత శ్రద్ధగా చూడవలసిన ఉదాహరణ. 2020 ఫిబ్రవరి చివర కౌలాలంపూర్ శివార్లలోని శ్రీ పెటాలింగ్ మస్జిదులో జరిగిన తబ్లీగ్ ఇజ్తెమాకు దాదాపు 16,000 మంది హాజరయ్యారు. అక్కడి నుండి వ్యాధి దేశమంతటా, పొరుగు దేశాలకు కూడా పాకింది. హాజరైనవారిలో రోహింగ్యా శరణార్థులు కూడా ఉన్నారు. శరణార్థుల కోసం 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికపై మలేషియా సంతకం చేయలేదు. అందువల్ల అక్కడి చట్టం దృష్టిలో శరణార్థి కూడా అక్రమంగా ప్రవేశించినవాడే. వీరు పరీక్షలకు రారని గ్రహించిన ప్రభుత్వం, కాగితాలు లేనివారు భయపడనవసరం లేదని, తమకు కావలసింది వారి ఆరోగ్యమేనని మార్చిలో బహిరంగంగా హామీ ఇచ్చింది. అది వివేకంతో కూడిన మాట.

మే 1వ తేదీన ఆ మాట తప్పింది. కౌలాలంపూర్ నడిబొడ్డున మస్జిద్ ఇండియా ప్రాంతంలో వలస కార్మికులు కిక్కిరిసి ఉండే భవనాలను అంతకుముందే కట్టుదిట్టంగా మూసివేశారు. లోపలివారు బయటికి రాకూడదు, ఉన్నచోటనే ఉండాలి. వారు ఉన్నారు కూడా. ఆ విధంగా ఆజ్ఞను పాటించి కూర్చున్నవారిపైనే ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేసి, చిన్నపిల్లలతో సహా వందలాది మందిని వాహనాల్లో ఎక్కించుకుపోయారు. భయంతో వీరు మరింత చాటుకు పోతారని, దానివల్ల వ్యాధి నియంత్రణ దెబ్బతింటుందని ఐక్యరాజ్యసమితి హెచ్చరించింది. అదే నెల ముగిసేలోగా బుకిత్ జలీల్, సెమెన్యీ, సెపాంగ్ నిర్బంధ కేంద్రాల్లో వందలాది మందికి వ్యాధి సోకినట్లు తేలింది. ఇరుకు గదుల్లో జనాన్ని కుక్కితే వేరే ఫలితం ఎలా వస్తుంది? వ్యాధి ఉన్న చోటికి ఎవరూ వెళ్ళకూడదన్న ప్రవక్త (స) బోధ ఒకవైపు ఉండగా, మనుషులను బలవంతంగా అటువంటి చోటికి చేర్చడం జరిగింది.

మరుసటి సంవత్సరం కూడా ఇదే పునరావృతమైంది. 2021 ఫిబ్రవరిలో, కాగితాలు లేనివారితో సహా దేశంలో ఉన్న విదేశీయులందరికీ ఉచితంగా టీకా వేస్తామని ప్రకటించారు. జూన్‌లో లాక్‌డౌన్ విధించగానే సైబర్‌జయాలో వలస కార్మికులను పట్టుకున్నారు. ఒక మంత్రిత్వ శాఖ రండి అంటుంది, మరొక శాఖ పట్టుకుంటుంది. అటువంటప్పుడు టీకా కేంద్రం ముందు ఎవరు వరుస కడతారు?

సోదరులారా! ధర్మశాస్త్రంలో దీనికి సంబంధించిన అధ్యాయం ఒకటి ఉంది. మదరసాలో చదివినప్పుడు అది యుద్ధాలకు సంబంధించినది మాత్రమేననుకుని తొందరగా దాటేశాము. దాని పేరు ‘అమాన్’, అనగా అభయం. శత్రువర్గానికి చెందినవాడైనా సరే, శరణు కోరితే ఇవ్వాలని, ఆపై అతణ్ణి అతని సురక్షిత స్థానానికి చేర్చాలని దివ్య ఖుర్‌ఆన్ తౌబా సూరా 6వ ఆయత్ ఆదేశిస్తోంది. శరణు ఇచ్చి ఊరుకుంటే చాలదు, సురక్షిత స్థానం దాకా చేర్చాలి. ముస్లింలలో సామాన్యుడు ఇచ్చిన అభయమైనా అందరూ పాటించవలసినదేనని హదీసులు చెబుతున్నాయి. మక్కా విజయం నాడు హజ్రత్ ఉమ్మె హానీ (రజి) తన అత్తింటి తరఫు బంధువుకు అభయమిచ్చారు. ఆమె సోదరుడు హజ్రత్ అలీ (రజి) అతణ్ణి వధించడానికి సిద్ధమయ్యారు. ఆమె ప్రవక్త (స) వద్దకు వెళ్ళి చెప్పగా, ఆమె ఎవరికి అభయమిచ్చిందో వారికి తామూ అభయమిచ్చినట్లేనని ఆయన స్పష్టం చేశారు. ఆమె ఏ పదవీ లేని సామాన్య గృహిణి. ఆమె మాటను రాజ్యమంతా నిలబెట్టింది. అలాంటప్పుడు సాక్షాత్తూ మంత్రి పది కెమెరాల ముందు ఇచ్చిన మాటకు ఎంత విలువ ఉండాలి!

ప్రభుత్వానికి తన సరిహద్దులను కాపాడుకునే హక్కు లేదా అని ఎవరైనా అడగవచ్చు. తప్పక ఉంది. వీసా అనేది ఒక ఒప్పందం, ఒప్పందాలను నెరవేర్చమన్నది ఖుర్‌ఆన్ ఆజ్ఞ. గడువు ముగిసిన తరువాత కావాలని ఉండిపోయేవాడు మాట తప్పినవాడే. ఈ విషయంలో మన యువకులను నేను సమర్థించను. అయితే ఆ తప్పుకు విచారణ, జరిమానా, తిరిగి పంపడం వంటివి వ్యాధి తగ్గిన తరువాత కూడా చేయవచ్చు. వ్యాధి మాత్రం ఆగదు. పైగా కాగితాలు లేని ప్రతివాడూ తానే నేరస్థుడు కాడు. కఫీల్ తప్పుకు కార్మికుడు దోషి అయిన సందర్భాలు మన జిల్లాల్లో ఇంటింటికీ తెలుసు.

ఇంకో విధంగా నడుచుకున్న దేశాలూ ఉన్నాయి. 2020 మార్చి 30న సౌదీ అరేబియా రాజు, నివాస చట్టాలను ఉల్లంఘించినవారితో సహా అందరికీ కరోనా చికిత్స ఉచితంగా ఇవ్వాలని ఆదేశించారు. పోర్చుగల్ ప్రభుత్వం నివాస దరఖాస్తులు పెండింగులో ఉన్న వలసదారులకు తాత్కాలికంగా పౌరులతో సమానంగా వైద్య సేవలు కల్పించింది. కువైట్ ఏప్రిల్‌లో క్షమాభిక్ష ప్రకటించి, కాగితాలు లేనివారు జరిమానా లేకుండా తమ దేశాలకు వెళ్ళవచ్చునన్నది. ఆంధ్ర, తెలంగాణ కార్మికులెందరో దానికి పేర్లిచ్చారు. కానీ భారతదేశం మార్చి 22 నుండి అంతర్జాతీయ విమానాలను ఆపివేసింది. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యే దాకా, పేర్లిచ్చినవారు శిబిరాల్లో పడిగాపులు పడవలసి వచ్చింది. అభయం దొరికింది, సురక్షిత స్థానానికి చేర్చేవారు ఆలస్యమయ్యారు. ఆ లోపం కార్మికుల సొంత దేశం వైపు నుండి కూడా జరిగిందని ఒప్పుకోవాలి.

మన దేశంలోనూ ఇదే సమస్య మరొక రూపంలో వచ్చింది. నిజాముద్దీన్ మర్కజ్ తరువాత 2020 ఏప్రిల్ 2న కేంద్ర హోం శాఖ 960 మంది విదేశీయుల టూరిస్టు వీసాలను రద్దుచేసి వారిని బ్లాక్‌లిస్టులో చేర్చింది. ఎన్నో చోట్ల కేసులు పెట్టారు. వ్యాధి వ్యాపిస్తున్న వేళ అంత పెద్ద జమావడాన్ని ఆపివేయకపోవడం పొరపాటేనని నేను అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. అయితే 2020 ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తన ముందున్న విదేశీయులపై కేసులను కొట్టివేసింది. డిసెంబరు 15న ఢిల్లీ కోర్టు 36 మందిని నిర్దోషులని ప్రకటించింది. తీర్పులు వచ్చేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఆ ఏప్రిల్‌లో ఆశా కార్యకర్త వెంట నేను మూడు ఇళ్ళకు వెళ్ళాను. ఢిల్లీ వెళ్ళివచ్చినవారి పేరు చెప్పడానికి ఒక్క ఇంట్లోనూ ఇష్టపడలేదు. టీవీలో చూసినదంతా వారి కళ్ళలో కనిపించింది. నేను వెంట ఉన్నందువల్ల రెండు ఇళ్ళ వారు చివరికి ఒప్పుకున్నారు. మూడవ ఇంటి తలుపు తెరుచుకోలేదు. వారికీ, గల్ఫ్ గదిలోని ఆ అబ్బాయికీ కాగితాల విషయంలో పోలిక లేదు, భయం మాత్రం ఒక్కటే.

ఆ తల్లికి నేనిచ్చిన జవాబు ఇది. ప్రాణాన్ని కాపాడుకోవడం విధి. ఇతరులకు హాని కలిగించకపోవడం కూడా విధి. వ్యాధిగ్రస్తమైన పశువులను ఆరోగ్యంగా ఉన్న మందలోకి తోలవద్దని ప్రవక్త (స) చెప్పారు. కనుక జ్వరమున్నదని గదిలోని వారికి దాచకుండా చెప్పాలి, ముఖానికి గుడ్డ కట్టుకుని ఒక మూలకు జరగాలి, పనికి పోకూడదు. చికిత్సకు భయం లేని దారి దొరికితే వెళ్ళడం తప్పనిసరి. అటువంటి దారే లేనప్పుడు, దాచుకోవలసిన స్థితిని కల్పించినవారిపై పాపభారంలో పెద్ద భాగం ఉంటుంది. ఈ మాట చెప్పి, అక్కడ పనిచేసే తెలుగు సంఘం వారి ఫోన్ నంబరు సంపాదించి ఆమెకు ఇచ్చాను.

వారు ఎలాగో ఒక క్లినిక్‌ను మాట్లాడారు. అక్కడ పేరు తప్ప మరేమీ అడగలేదు. అబ్బాయి కోలుకున్నాడు. అయితే గదిలో ఉన్న ఎనిమిది మందిలో నిజామాబాద్ వైపు పెద్దాయన ఒకరు చివరిదాకా ఆస్పత్రికి వెళ్ళడానికి ఒప్పుకోలేదు. ఆయనకు అంతకుముందు ఒకసారి జైలు అనుభవం ఉంది. రంజాన్ రెండవ వారంలో ఆ గదిలోనే మరణించారు. జనాజా నమాజును ఫోనులో చూశామని వారి ఇంటివారు తరువాత నాతో చెప్పారు.