ఓడ మనది, ఇంజను వారిది

ఆవిరి యుగం తొలినాళ్లలో బొంబాయి రేవు ఎదుర్కొన్న ప్రశ్న భారత నౌకా నిర్మాణాన్ని ఇంకా వెన్నాడుతోంది

రెండు శతాబ్దాలు దాటినా ఆ ఓడ చెక్కుచెదరలేదు. బ్రిటిష్ నౌకాదళం కోసం 1817లో బొంబాయిలో తయారైన హెచ్ఎంఎస్ ట్రింకోమలీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ నీటిపై తేలుతూ సందర్శకులను ఆకట్టుకుంటోంది. అందులో వాడింది మలబారు టేకు. పనితనం వాడియాలది. సూరత్‌కు చెందిన ఓడల వడ్రంగి లౌజీ నస్సర్వాన్‌జీ 1736లో ఈస్టిండియా కంపెనీ పిలుపు మేరకు బొంబాయి చేరింది మొదలు అక్కడి నౌకా నిర్మాణానికి ఈ పార్సీ కుటుంబమే పెద్ద దిక్కయింది.

తెరచాప ఉన్నంతకాలం వారికి ఎదురు లేదు. ఆవిరి వచ్చాకే సీను మారింది. బొంబాయిలో 1829లో నిర్మించిన 'హ్యూ లిండ్సే' మర్నాడు ఏడాది సూయజ్ దాకా ప్రయాణించి, భారత్-బ్రిటన్ మధ్య తపాలాకు కొత్త దారి చూపింది. ఓడ కట్టింది వాడియాలే అయినా ఇంజన్లు మాత్రం ఇంగ్లండ్ నుంచి వచ్చాయి.

ఆ లోటును పసిగట్టింది అదే కుటుంబంలో 1808లో పుట్టిన అర్దేషిర్ కర్సెట్జీ. 1833లో 'ఇండస్' అనే చిన్న ఓడకు ఆవిరి యంత్రం అమర్చారు. మరుసటి ఏడాది తన ఇంటిని గ్యాస్ దీపాలతో వెలిగించి ఊరిని అబ్బురపరిచారు. 1839లో ఇంగ్లండ్ వెళ్లి ఆవిరి ఇంజనీరింగ్‌ను దగ్గరగా పరిశీలించారు. 1841లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైన తొలి భారతీయుడయ్యారు. అదే ఏడాది బొంబాయి స్టీమ్ ఫ్యాక్టరీలో చీఫ్ ఇంజనీరుగా నియమితులయ్యారు. వలస పాలనలో యూరోపియన్లు ఒక భారతీయుడి కింద పనిచేయడం అప్పట్లో అసాధారణం.

కానీ వ్యక్తికి దక్కిన గౌరవం పరిశ్రమగా మారలేదు. ఇనుము, బొగ్గు, యంత్రాల కర్మాగారాలు, పెట్టుబడి అన్నీ బ్రిటన్‌లోనే పోగుపడ్డాయి. ఇనుప ఓడల ముందు టేకు వెలవెలబోయింది. బొంబాయికి మిగిలింది ఎక్కువగా మరమ్మతులే.

రాయల్ సొసైటీ తలుపు మరో భారతీయుడికి, 1918లో శ్రీనివాస రామానుజన్‌కు, తెరుచుకోవడానికి 77 ఏళ్లు పట్టింది. ఓడ ఇంజను విషయంలో నిరీక్షణ అంతకంటే సుదీర్ఘం. కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో తయారై 2022లో నౌకాదళంలో చేరిన విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ స్వదేశీ నైపుణ్యానికి నిదర్శనమే. దాన్ని నడిపించే నాలుగు గ్యాస్ టర్బైన్లు మాత్రం అమెరికన్ డిజైన్‌వి. ఓడ కట్టడం దేశానికి ఎన్నడూ కొత్త కాదు. దాని గుండెను కూడా సొంతంగా తయారుచేసుకున్న రోజే అర్దేషిర్ మొదలుపెట్టిన పని పూర్తయినట్టు.