రాతి మీద బొమ్మ, పెన్సిల్‌తో సంతకం

పేరున్న ఫ్రెంచి చిత్రకారుడి తైలవర్ణ చిత్రం కొనాలంటే కోట్లు కావాలి. అదే చెయ్యి గీసిన లిథోగ్రాఫ్ మాత్రం కొన్నిసార్లు మామూలు సేకర్తకూ అందుతుంది. అందుకే సంతకమున్న లిథోగ్రాఫులకు అంత గిరాకీ. వాటి గురించి కొన్ని విశేషాలు:

★ జిడ్డుకూ నీటికీ పడదు. లిథోగ్రఫీ కిటుకంతా ఇదే. సున్నపురాతి మీద జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీసి, రాతిని తడిపి, సిరా రోలర్ తిప్పితే గీసినచోటే సిరా అంటుతుంది. 1796 ప్రాంతంలో బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ తన నాటకాలు చవగ్గా అచ్చేసుకునే దారి వెతుకుతూ దీన్ని కనిపెట్టాడు.

★ ఫ్రాన్స్‌లోని ఆల్బీలో పుట్టిన చిత్రకారుడు తులూజ్ లొత్రెక్ 1891లో పారిస్ నృత్యశాల మూలాన్ రూజ్‌కు వేసిన పోస్టరు లిథోగ్రాఫే. సిరా తుంపర్లు చిమ్మడానికి ఆయన టూత్‌బ్రష్ వాడేవాడు. 1896లో వంద ప్రతులుగా వెలువడిన ఆయన ‘ఎల్’ చిత్రమాల అప్పట్లో సరిగ్గా అమ్ముడుపోలేదు. ఇప్పుడది మ్యూజియాల సొత్తు.

★ బొమ్మ అడుగున 12/75 అని ఉంటే, 75 ప్రతుల్లో అది 12వది. యంత్రం నుంచి పన్నెండోదిగా వచ్చిందనుకోనక్కర్లేదు. అంకెలు వేసేది అచ్చంతా అయ్యాకే. ‘ఇ.ఎ.’ అంటే చిత్రకారుడి సొంత ప్రతి. ‘హెచ్.సి.’ అంటే అమ్మకానికి కానిది. అయినా రెండూ వేలానికి వస్తూనే ఉంటాయి!

★ సంతకాల్లో రెండు రకాలు. రాతి మీదే చేసిన సంతకం బొమ్మతోపాటు ప్రతి కాపీలోనూ అచ్చవుతుంది. అచ్చయ్యాక పెన్సిల్‌తో విడిగా పెట్టిన సంతకానికే విలువెక్కువ.

★ భూతద్దం పెట్టి చూస్తే ఆఫ్‌సెట్ నకలులో చుక్కలు వరసకట్టి కనిపిస్తాయి. రాతి అచ్చులో క్రేయాన్ గరుకుదనం ఎక్కడికక్కడ చెదురుగా ఉంటుంది.

★ పారిస్‌లోని ముర్లో అచ్చుశాలలో మతీస్, బ్రాక్, ద్యుబుఫే వంటి హేమాహేమీలు పనిచేశారు. ల హావ్ర్‌లో పుట్టిన ద్యుబుఫే 1958–62 మధ్య ‘ఫెనొమెన్’ పేరుతో 300కు పైగా లిథోగ్రాఫులు తీశాడు.

★ మతీస్ చిత్రమాల ‘జాజ్’ (1947) లిథోగ్రాఫ్ కాదు. కత్తిరించిన స్టెన్సిళ్ల మీదుగా రంగులద్దిన పని అది.

★ పారిస్‌లో పుట్టిన చిత్రకారుడు బెర్నార్ బ్యుఫే చిత్రాలకే ప్రత్యేకించిన మ్యూజియం ఒకటి జపాన్‌లో ఉంది. కీచిరో ఒకానో అనే బ్యాంకరు తన సేకరణతో షిజువోకా ప్రాంతంలో 1973లో దాన్ని తెరిచాడు.

★ పారిస్ ప్రింట్ల కథలో మన చిత్తూరు జిల్లావాడూ ఉన్నాడు. 1925లో పుట్టిన కృష్ణారెడ్డి అక్కడి ‘అతెలియే 17’ అచ్చుశాలలో చేరి, సిరాల చిక్కదనంలోని తేడాలతో ఒకే లోహపు పలక నుంచి పలు రంగులు అచ్చేసే పద్ధతికి ప్రాణం పోశాడు. అది రాతి అచ్చు కాకపోయినా, అక్కడా ఆధారం జిడ్డు గుణమే.

★ 1974లో ఫ్రెంచి కస్టమ్స్‌వారు ఓ లారీని ఆపితే, అందులో స్పెయిన్ చిత్రకారుడు డాలీ సంతకం చేసిన ఖాళీ కాగితాలు దాదాపు 40,000 దొరికాయి. సంతకాలున్నాయి, బొమ్మలే లేవు. అందుకే అనుభవమున్న సేకర్తలు ముందు కాగితం, తర్వాత అచ్చు, ఆపైన చిత్రకారుడి పనుల సమగ్ర జాబితా పరిశీలిస్తారు. సంతకం వంతు ఆఖర్న.